టేబులు, పుస్తకం, కారు డోరు, బీరువా: వీటిలో తూటాని ఆపేది ఏది?

తమ్ముడూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు నలుగురు ఫ్రెండ్స్ విశాఖలో ఒక షార్ట్ ఫిలిం తీస్తున్నారు. క్లైమాక్స్‌లో హీరో డైనింగ్ టేబుల్ తిరగేసి దాని వెనక కూర్చుంటాడు. కాల్పులు జరుగుతాయి. చివరికి చొక్కా లోపల పెట్టుకున్న లావుపాటి పుస్తకం ఒక తూటాని ఆపి అతన్ని బతికిస్తుంది. ఇలా నిజంగా జరుగుతుందా అని అడిగారు. అంతవరకు మంచి ప్రశ్నే. కానీ కింద ఇంకో మాట రాశారు. పెందుర్తి అవతల మీ చిన్నాన్న గారి తోటలో, ఆయన లైసెన్సు మీద ఉన్న 12 బోర్ గన్‌తో (ఒక్క దెబ్బకి సీసపు రవ్వల్ని చిమ్మే తుపాకీ) ఫోను, పుస్తకం, స్టీలు పళ్ళెం, పాత కారు డోరు మీద కాల్చి చూస్తారట. అది కూడా వీడియో తీస్తారట. ఆ ఒక్క లైను చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొడుగు సమాధానం.

సూటిగా చెప్తాను. మీరు రాసిన వస్తువుల్లో ఏదీ నమ్మదగ్గది కాదు. డైనింగ్ టేబులు, సోఫా, ప్లైవుడ్ తలుపు, ఫ్రిజ్, బీరువా, కారు డోరు, సెల్‌ఫోను, స్టీలు పళ్ళెం, ఇవన్నీ మనిషిని దాస్తాయి తప్ప తూటాని ఆపవు. మామూలు ఇంట్లో, వీధిలో నిజంగా ఆపేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: ఆర్‌సీసీ పిల్లర్, మందపాటి ఇటుక గోడ, బాగా దట్టించిన ఇసుక బస్తాల వరస, కారు ఇంజన్, పెరట్లో పడి ఉన్న రుబ్బురోలు. వీటికీ షరతులు ఉన్నాయి, కింద రాస్తాను. ఇక తోటలో పరీక్ష మాట. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

నేను ఇరవై నాలుగేళ్ళు ఆర్మీలో, ఇన్‌ఫాంట్రీలో చేసి నాయబ్ సుబేదార్‌గా దిగాను. అందులో చాలా ఏళ్ళు వెపన్ ట్రైనింగ్ ఇచ్చే పనే. రిటైరయ్యాక గాజువాకలో ఇల్లు కట్టుకుని, బ్యాంకులకీ క్యాష్ వ్యాన్లకీ వెళ్ళే గన్‌మ్యాన్‌లకి శిక్షణ ఇస్తూ వచ్చాను. తూటా ఏది దాటింది, ఏది దాటలేదు అన్నది ఫైరింగ్ రేంజ్‌లో పక్కన నిలబడి చూసిన అనుభవం నాది.

ఆర్మీలో మొదటి నెలల్లోనే రెండు మాటలు బుర్రకెక్కిస్తారు: కవర్ ఫ్రమ్ వ్యూ, కవర్ ఫ్రమ్ ఫైర్. మొదటిది శత్రువు కంటికి కనపడకుండా దాచేది. పొద, కర్టెన్, తలుపు, టేబులు అన్నీ అందులోకే వస్తాయి. రెండోది తూటాని ఆపేది. కొత్త కుర్రాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కంటికి అడ్డంగా ఏదో ఒకటి ఉంటే మనసుకి ధైర్యం వచ్చేస్తుంది. ఆ ధైర్యమే ప్రాణం తీస్తుందని మా ఉస్తాద్ రోజూ అనేవాడు. ఆర్మీలో నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటాం.

ముందు తూటాలో ఎంత బలం ఉంటుందో చూడండి. పోలీసుల దగ్గర కనిపించే 9 ఎంఎం పిస్టల్ తూటా బరువు ఎనిమిది గ్రాముల లోపే. సెకనుకి 350 నుంచి 400 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. దాని శక్తి దాదాపు 500 జౌల్స్. యాభై కిలోల సిమెంటు బస్తాని మీటరు ఎత్తు నుంచి వదిలితే నేలని ఎంత బలంగా కొడుతుందో అంత బలం ఇది, కాకపోతే బఠాణీ గింజంత చోటులో. ఇన్సాస్ రైఫిల్ తూటా నాలుగు గ్రాములే గానీ వేగం 900 మీటర్లు, శక్తి 1,600 జౌల్స్ పైనే. మా రోజుల్లో వాడిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ 7.62 తూటా అయితే 3,300 జౌల్స్. అంటే ఆరున్నర సిమెంటు బస్తాలు, అదే బఠాణీ గింజంత చోటులో. పళ్ళెం ఏం ఆపుతుంది? పళ్ళెం మందం మిల్లీమీటరు కూడా ఉండదు.

అందుకే "బుల్లెట్‌ని ఆపుతుందా" అని ఊరికే అడిగితే జవాబు రాదు. ఏ తూటా, ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, ఎన్నో తూటా, ఈ నాలుగూ తెలియాలి.

ఇప్పుడు నేను కళ్ళారా చూసిన ఒక సంగతి. తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అయ్యే రోజుల్లో రిక్రూట్లకి తూటా బలం తెలియాలని ఒక ప్రదర్శన పెట్టేవాళ్ళు. రేంజ్‌లో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఒకటి కట్టించారు. మన ఇళ్ళల్లో గదికీ గదికీ మధ్య ఉండే గోడంత మందం. రెండు వైపులా సిమెంటు పూత. గోడ వెనక అడుగు దూరంలో స్టూలు మీద మట్టికుండ, నిండా నీళ్ళు. ఉస్తాద్ ముందు 9 ఎంఎం కార్బైన్‌తో ఒక్క రౌండ్ వేశాడు. గోడకి ముందు వైపు టీ గ్లాసు మూతి అంత గుంట పడింది. కుండ అలాగే ఉంది. మేమంతా "ఆగింది సార్" అన్నాం.

తర్వాత ఎస్‌ఎల్‌ఆర్ తీసుకున్నాడు. ఒక్క రౌండ్. ఎర్రటి దుమ్ము లేచింది, వెనక నీళ్ళు చిమ్మాయి, కుండ పెంకులయింది. రెడ్ ఫ్లాగ్ దించాక మమ్మల్ని గోడ దగ్గరికి తీసుకెళ్ళి "తూటా ఎక్కడుందో వెతకండి" అన్నాడు. కుండ పెంకుల్లో వెతికాం, స్టూలు చెక్కలో వెతికాం, లేదు. చివరికి గోడలోనే దొరికింది, ఇటుక లోపల నలిగిన సీసం, చిరిగిన రాగి తొడుగు. తూటా గోడ దాటలేదు. గోడ వెనక పూత, ఇటుక ముక్క ఊడి ఆ వేగానికి వెళ్ళి కుండని కొట్టాయి. ఉస్తాద్ ఒక పెంకు నా చేతిలో పెట్టి "గోడ ఆపింది కదా, మరి నీ తల ఏమయింది?" అని అడిగాడు. రెండో రౌండ్ ఆ గుంట పక్కనే వేస్తే ఈసారి తూటా అవతలికి వచ్చేసింది, గోడలో చెయ్యి పట్టేంత కన్నం.

మీకు చెప్పదలుచుకున్నది మొత్తం ఆ కుండలో ఉంది తమ్ముడూ. తూటా ఆగడం వేరు, వెనకున్న మనిషి బతకడం వేరు. మొదటి తూటా ఆగడం వేరు, రెండోది ఆగడం వేరు. వీడియోల్లో "చూశారా ఆగిపోయింది" అని చూపించేది మొదటి తూటానే, అది కూడా ముందు వైపు నుంచే.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లని పరీక్షించే పద్ధతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికా ప్రమాణం ఒకటి ప్రపంచమంతా చాలాకాలం వాడారు. మన దేశానికి బీఐఎస్ వాళ్ళ ఐఎస్ 17051 అని 2018లో వచ్చింది. అమెరికా పద్ధతిలో జాకెట్ వెనక ఒక రకం మెత్తటి మట్టి దట్టిస్తారు. ఆ మట్టి సరిగ్గా ఉందో లేదో చూడటానికి కిలో బరువున్న ఇనుప గుండుని రెండు మీటర్ల ఎత్తు నుంచి దాని మీదకి వదిలి, గుంట ఎంత లోతు పడిందో కొలుస్తారు. సుమారు 19 ఎంఎం పడాలి. మరీ లోతుగా పడ్డా, మరీ పైపైన పడ్డా ఆ మట్టి పనికిరాదు. ఆ తర్వాతే కాల్పులు. పిస్టల్ అయితే ఐదు మీటర్ల నుంచి, రైఫిల్ అయితే పదిహేను మీటర్ల నుంచి. ప్రతి తూటా వేగాన్నీ యంత్రంతో కొలుస్తారు. పిస్టల్ జాకెట్ల ఒక్కో ప్యానెల్ మీద ఆరు తూటాలు వేస్తారు, నీళ్ళలో తడిపి కూడా పరీక్షిస్తారు. తూటా జాకెట్‌ని దాటకపోయినా సరే, వెనక మట్టిలో 44 ఎంఎం కంటే లోతు గుంట పడితే ఆ జాకెట్ ఫెయిల్. ఎందుకంటే ఆ గుంట పడేది రేపు మనిషి పక్కటెముకల్లో.

వీ50 అని ఇంకో లెక్క ఉంది. ఒక పదార్థం మీద రకరకాల వేగాలతో కాల్చి, ఏ వేగం దగ్గర సగం తూటాలు దాటి సగం ఆగుతాయో కనుక్కుంటారు. ఆ వేగం దగ్గర ఒకే వస్తువు, ఒకే రకం తూటా, ఒకసారి ఆగుతుంది, ఒకసారి దాటుతుంది. ఒక్కసారి కాల్చి చూసి తీర్పు చెప్పడం నాణెం ఒక్కసారి ఎగరేసి ఎప్పుడూ బొమ్మే పడుతుంది అనడం లాంటిది.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2017 జూన్‌లో అమెరికాలోని మినెసోటాలో ఒక యువ జంట సరిగ్గా మీరు అనుకున్నట్టే వీడియో తీయబోయారు. 22 ఏళ్ళ కుర్రాడు ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న ఎన్‌సైక్లోపీడియాని ఛాతీకి అడ్డం పెట్టుకున్నాడు. అతనితో కలిసి ఉంటున్న అమ్మాయి, వయసు 19, కడుపుతో ఉంది. అడుగు దూరం నుంచి పాయింట్ 50 పిస్టల్‌తో, అంటే అర అంగుళం లావు తూటా వేసే దానితో, కాల్చింది. అతను అక్కడే చనిపోయాడు. వాళ్ళ మూడేళ్ళ పాప దగ్గర్లోనే ఉంది. నన్ను అన్నిటికంటే కలచివేసింది ఏమిటంటే, అతను అంతకుముందు వేరే పుస్తకం మీద కాల్చి, తూటా అవతలికి రాలేదని ఆ అమ్మాయికి చూపించాడు. అంటే పరీక్ష చేశారు. ఆ పరీక్షలో పుస్తకం నెగ్గింది. దాన్ని నమ్మే ఆమె ట్రిగ్గర్ నొక్కింది.

మరి కాగితం మనిషిని కాపాడిన సంఘటన లేదా అంటే ఉంది. దాని వల్లే సినిమాల్లో ఈ సీను వచ్చి ఉంటుందని నా నమ్మకం. 1912 అక్టోబరు 14న అమెరికాలోని మిల్వాకీలో, మళ్ళీ ఎన్నికల్లో నిలబడ్డ ఆ దేశ మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మీద ఒకడు రివాల్వర్‌తో కాల్చాడు. ఆయన కోటు జేబులో యాభై పేజీల ఉపన్యాసం రెండు మడతలు పెట్టి ఉంది, స్టీలు కళ్ళజోడు పెట్టె ఉంది. తూటా ఆ రెండింటినీ చీల్చుకుని ఛాతీలో దిగింది. వేగం తగ్గడం వల్ల ఊపిరితిత్తి దాకా వెళ్ళలేదు. ఆయన అలాగే వెళ్ళి దాదాపు గంటన్నర మాట్లాడాడు. ఆ తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉంది. కాగితం తూటాని ఆపలేదు, నెమ్మది చేసింది. మీ హీరో ఆ పుస్తకంతో బతకాలంటే ఇలా రాసుకోండి: తూటా పుస్తకం దాటి వస్తుంది, గాయం అవుతుంది, మనిషి బతుకుతాడు. నమ్మేలా ఉంటుంది, సీనుకి బలం కూడా.

ఇప్పుడు ఒక్కో వస్తువు.

చెక్క. డైనింగ్ టేబుల్ మీది ముప్పావు అంగుళం ప్లైవుడ్ పిస్టల్ తూటాకి లెక్కే కాదు. టేకు తలుపైనా అంతే. రైఫిల్ తూటా మెత్తటి చెక్కలో అడుగు లోతు దాటి పోతుంది. చెట్టు మాట వేరు. మంచి మానున్న వేప, చింత అయితే పిస్టల్ నుంచి కాపాడతాయి. ఇక తాటి జాతి మానులది విచిత్రమైన గుణం, గట్టిగా ఎదురు తిరగవు, పీచు లోపలికి లాక్కుంటుంది. 1776లో అమెరికా వాళ్ళు ఛార్లెస్టన్ దగ్గర అదే జాతి చెట్ల దుంగలతో, మధ్యలో ఇసుక పోసి కోట కడితే బ్రిటిష్ ఓడల ఫిరంగి గుండ్లు అందులో కూరుకుపోయాయి. అది గుండ్రటి ఫిరంగి గుండు, పక్కన బోలెడు ఇసుక. ఇవాళ్టి మొన తేలిన తూటాకి ఒక్క తాటి మాను అడ్డం చాలదు.

కారు. డోరు రేకు మందం మిల్లీమీటరు లోపే. మధ్యలో అద్దం, దాని మోటారు, ప్లాస్టిక్. ఏదైనా గట్టి భాగానికి తగిలితే తూటా దారి తప్పుతుంది, లేకపోతే లోపలికే. డోరు తెరిచి దాని వెనక నిలబడి కాల్పులు జరపడం సినిమా పోలీసుల పని. కారు దగ్గర దాక్కోవాలంటే ముందు చక్రం వెనక, ఇంజన్ అవతల, చక్రానికి కాళ్ళు దాచుకుని కూర్చోవాలి. ఆటోనగర్‌లో విప్పి పడేసిన ఇంజన్ బ్లాక్ ఒకసారి చేత్తో ఎత్తి చూడండి, ఎందుకో తెలుస్తుంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు కాబట్టి ముక్కలవదు, తూటా దారిని కొంచెం వంచుతుంది. పక్క అద్దాలు అయితే ఒక్క దెబ్బకి రవ్వలైపోతాయి.

బీరువా. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది నా కళ్ళముందు జరిగింది. ఒక బ్యాంకు శాఖలో గార్డు 12 బోర్ గన్‌ని లోడ్ చేసే ఉంచి కుర్చీకి ఆనించాడు. అది జారింది, పట్టుకోబోయాడు, పేలింది. రెండు మీటర్ల దూరంలో సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ కౌంటర్. దానికి గాజు గ్లాసు మూతి అంత ఒకే గుండ్రటి కన్నం. అంత దగ్గర్లో రవ్వలు ఇంకా విడిపోవు, ఒకే ముద్దలా వెళ్తాయి. కౌంటర్ దాటాక కొంచెం చెదిరి వెనకున్న స్టీలు బీరువా తలుపుకి తొమ్మిది చోట్ల తగిలాయి. నేను వేలితో తడుముతూ లెక్కపెట్టాను. ఆరు కన్నాలు, మూడు సొట్టలు. లోపల తాడు కట్టి పెట్టిన పాత ఫైళ్ళ కట్టల్లో నాలుగు వేళ్ళ లోతులో సీసపు రవ్వలు దొరికాయి. ప్లైవుడ్ ఆపలేదు, రేకు మూడింటినే ఆపింది, చివరికి ఆపింది కాగితం కట్టలు. ఆ నిమిషానికి క్యాషియర్ అమ్మాయి మంచినీళ్ళకి లేచింది. ఆమె కుర్చీ ఆ కన్నానికీ బీరువాకీ సరిగ్గా మధ్యన ఉంది. పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆ కుర్చీ నా కళ్ళల్లో ఉంది.

"బీరువా నిండా పట్టుచీరలుంటే" అని మా ఇంట్లో అడిగారు. అందులో కొంత చరిత్ర ఉంది. 1897 ప్రాంతంలో షికాగోలో కాసిమిర్ జెగ్లెన్ అనే ఫాదరీ పట్టు పొరలు దట్టంగా నేయించి తూటా ఆపే కోటు చేసి పేటెంటు తీసుకున్నాడు. ఆనాటి నెమ్మది రివాల్వర్ తూటాల్ని అది ఆపింది. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన దారం కెవ్లార్ అయింది. ఈనాటి మెత్తటి జాకెట్లన్నిటికీ అదే దారి చూపించింది. తూటాని గట్టితనంతో కాకుండా వలలా పట్టి, ఆ బలాన్ని చుట్టుపక్కల దారాలకి పంచడమే దాని కిటుకు. చీరల మడతలు వదులుగా ఉంటాయి, తూటా మొన దారాల్ని పక్కకి తోసుకుని పోతుంది. అదీగాక, కెవ్లార్ జాకెట్ కూడా పిస్టల్ దాకానే. రైఫిల్‌కి లోపల సెరామిక్ పలక పెట్టాలి. అది తూటా మొనని పగలగొడుతుంది, వెనక పొరలు ముక్కల్ని పట్టుకుంటాయి. మన హైదరాబాద్ కంపెనీ మిధాని తయారుచేసే భాభా కవచ్ జాకెట్ అలాంటిదే, అందులో బోరాన్ కార్బైడ్ వాడతారు.

ఇనుము. ఇక్కడ స్టీల్ ప్లాంట్ ఊళ్ళో పెరిగినవాళ్ళం కదా, "ఇనుప పలక పెడితే చాలు" అనుకుంటాం. ఆరు ఎంఎం మామూలు మైల్డ్ స్టీల్ పలక పిస్టల్ తూటాని ఆపుతుంది. దగ్గర నుంచి రైఫిల్ తూటా మాత్రం డ్రిల్లు వేసినట్టు కన్నం చేసి పోతుంది. రైఫిల్‌ని ఆపే ఇనుము ప్రత్యేకంగా గట్టిపరిచినది, షాపులో గేటు కోసం కొనేది కాదు. దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఇనుము తూటాని ఆపినప్పుడు సీసం, రాగి తొడుగు పలక వెంబడి నాలుగు వైపులా కత్తుల్లా చిమ్ముతాయి. ఒకసారి బట్‌లో, అంటే రేంజ్ చివర మట్టికట్టలో, ఎవరూ చూడని రాయి ఒకటి ఉండిపోయింది. దానికి తగిలిన తూటా రాగి తొడుగు వెనక్కి వచ్చి నా ఎడమ చెంప కోసింది. పల్లీ మీది ఎర్ర పొట్టంత ముక్క. రెండు కుట్లు పడ్డాయి. ఇంకో అంగుళం పైకి తగిలితే కన్ను పోయేది. అందుకే రేంజ్‌లో మట్టిని జల్లించి రాళ్ళు ఏరిస్తారు. మీ తోటలో రాళ్ళు ఎవరు ఏరుతారు? దోసె పెనం లాంటి పోత ఇనుము ఇంకా ప్రమాదం, పెళుసు కాబట్టి అదే ముక్కలై ఎగురుతుంది. వంటగట్టు గ్రానైట్ పలకా అంతే. రుబ్బురోలు అయితే మందం, బరువు రెండూ ఉన్నాయి కాబట్టి నిలబడుతుంది, కానీ దాని వెనక దాక్కోవాలంటే నేల మీద పడుకోవాలి.

ఇసుక. ఆర్మీ ఎందుకు ఇంకా ఇసుక బస్తాలతోనే మోర్చా కడుతుంది అంటే, దానిని మించిన చవకైన రక్షణ లేదు. తూటా ఇసుకలోకి దిగగానే కోట్ల గింజల రాపిడికి దాని బలం కరిగిపోతుంది, ముక్కలు ఎగరవు, ఒక తూటా చేసిన కన్నాన్ని ఇసుకే పూడ్చుకుంటుంది. ఒకటిన్నర అడుగు మందం దట్టంగా ఉంటే రైఫిల్ కూడా ఆగుతుంది. చాలామంది నమ్మని సంగతి ఒకటుంది: మరీ దగ్గర నుంచి కాల్చిన వేగమైన రైఫిల్ తూటా పొడి ఇసుకలో తక్కువ లోతుకే ఆగుతుంది. ఆ వేగానికి అది అడ్డం తిరిగి చితికిపోతుంది. కొంత దూరం నుంచి వచ్చినది నిలకడగా ఇంకా లోతుకి దిగుతుంది. ఇసుక జల్లించి తూటాల్ని బయటకి తీసి వరసగా పెడితే తెలుస్తుంది, దగ్గరివి అరటితొక్క ఒలిచినట్టు ఉంటాయి, దూరానివి ఇంకా తూటాలాగే ఉంటాయి. ఇంకో మాట, తడి ఇసుక పొడి ఇసుక కంటే తక్కువ ఆపుతుంది. బీచ్ నుంచి తడిసిన ఇసుక తెచ్చి బస్తాలు నింపితే పొడి ఇసుక లెక్క దానికి పనికిరాదు.

నీళ్ళదీ ఇలాంటి కథే. అతి వేగంగా వచ్చే రైఫిల్ తూటాకి నీళ్ళు గోడలా తగులుతాయి, మీటరు లోపే చితికిపోతుంది. నెమ్మదిగా వచ్చే పిస్టల్ తూటా రెండు మీటర్ల పైగా ఈదుకుంటూ పోతుంది. బలం ఎక్కువున్నది ముందు ఆగిపోతుంది. కానీ దీన్ని నమ్ముకుని నీళ్ళ డ్రమ్ము వెనక దాక్కోవద్దు. డ్రమ్ము అడ్డం రెండడుగులు కూడా ఉండదు. మూత బిగించిన డ్రమ్ము మీద రైఫిల్‌తో కాల్చితే ఆ ఒత్తిడికి మూత ఎగిరిపోయి, కుట్టు విడిపోయి డ్రమ్ము తెరుచుకోవడం నేను చూశాను.

ఇక మీ తోట సంగతి. మీ చిన్నాన్న గారి లైసెన్సు ఆయన పేరు మీద, ఆయన వాడుకోవడానికి. మీరు ట్రిగ్గర్ నొక్కితే 1959 ఆయుధాల చట్టం కింద ఇద్దరికీ కేసే. 2019లో ఆ చట్టాన్ని సవరించాక, నిర్లక్ష్యంగానో సంబరానికో కాల్చి ఇతరుల ప్రాణాల్ని ప్రమాదంలో పెడితే రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ వీడియోనే మీ మీద సాక్ష్యం. "పోనీ ఎయిర్‌గన్‌తో చేస్తాం" అంటారేమో. 2016 నిబంధనల ప్రకారం 20 జౌల్స్ మించని పాయింట్ 177 ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు, నిజమే. కానీ 20 జౌల్స్‌తో చేసిన పరీక్ష 500 జౌల్స్ గురించి మీకు ఏమీ చెప్పదు, గట్టి వస్తువుకి తగిలి వెనక్కి వచ్చిన రవ్వ కన్ను మాత్రం తీస్తుంది.

చట్టం పక్కన పెట్టండి. తూటా వస్తువుని దాటాక ఎక్కడికి పోతుంది? సరదాగా కొట్టుకునే పాయింట్ 22 లాంటి చిన్న తూటాల పెట్టె మీదే ఒకటిన్నర మైలు దాకా ప్రమాదం అని రాసి ఉంటుంది. పెందుర్తి చుట్టూ ఇప్పుడు ఖాళీ అంటూ ఎక్కడుంది? తోట అవతల లేఅవుట్లు, మేకలు కాసేవాళ్ళు, బైకు మీద వెళ్ళేవాళ్ళు. మేం రేంజ్‌లో ఫైరింగ్ పెడితే రెడ్ ఫ్లాగ్ ఎగరేసి, చుట్టూ సెంట్రీల్ని నిలబెట్టి, వెనక కొండంత మట్టికట్ట ఉంటేనే మొదటి రౌండ్. అయ్యాక ఖాళీ ఖోఖాలు, అంటే పేలిన రౌండ్ల గొట్టాలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టి అప్పగిస్తే గానీ ఎవరూ కదలకూడదు.

సినిమాకి కావలసింది నిజం తూటా కాదు కదా. నిజం ఆయుధం, నిజం రౌండ్ షూటింగ్ స్థలంలోకి రాకూడదు. 2021 అక్టోబరులో అమెరికాలోని న్యూ మెక్సికోలో రిహార్సల్ చేస్తుండగా "ఖాళీ" అని చెప్పి ఇచ్చిన రివాల్వర్‌లోంచి నిజం తూటా వచ్చి కెమెరా పని చూసే ఆవిడ చనిపోయింది. అక్కడ పెద్ద నటులు, ఆయుధాలు చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషి, అన్నీ ఉన్నాయి. మీరు బొమ్మ తుపాకీ తీసుకోండి. టేబుల్‌కి ముందే కన్నాలు వేసి పుట్టీతో మూసి, వెనక నుంచి ఆ పుట్టీని దారంతో లాగించండి. చెక్క పొట్టు ఎగురుతుంది. టేబుల్ దాటి వచ్చిన తూటా హీరో చెవి పక్కన గోడకి తగలనివ్వండి. అతను అప్పుడు తెలుసుకుని పిల్లర్ వెనక్కి దూకాలి. టెన్షన్ దానంతట అదే వస్తుంది, నాలాంటి వాళ్ళు చూసి "అవును, ఇలాగే ఉంటుంది" అంటారు.

చివరగా చిన్నాన్న గారితో ఒక మాట చెప్పండి. ఆ గన్‌తో పాటు కార్ట్రిడ్జ్‌లు ఎన్నేళ్ళవి ఉన్నాయో చూడమనండి. మన ఊరి ఉప్పు గాలికి ఇత్తడి అడుగు పచ్చగా తుప్పు పట్టి ఉంటుంది, లోపల మందు చెమ్మ పడుతుంది. అలాంటివి ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కగానే పేలవు, కొన్ని క్షణాలు ఆగి పేలతాయి. పేలలేదని వెంటనే బ్యారెల్ తెరిచి చూడబోతే మొహం మీదే పేలుతుంది. ఎప్పుడైనా అలా జరిగితే గన్‌ని ఖాళీ నేల వైపే పట్టుకుని కనీసం ముప్పై సెకన్లు కదలకుండా ఉండాలి. ఆ తర్వాతే తెరవాలి. పచ్చపడ్డవి ఉంటే చెత్తలోనో కాలవలోనో పడేయొద్దని, ముందు స్టేషన్‌లో చెప్పి, వాళ్ళు చెప్పినట్టు అప్పగించమని చెప్పండి.